పక్కకు పెట్టిన స్లైడు

మా కాలేజీలో జువాలజీ చెప్పే వినోద పేరు రెండేళ్ల కిందట పేపర్లో వచ్చింది. ఆ వార్త రాసిచ్చింది నేనే. నేను తెలుగు లెక్చరర్ని, పేరు శకుంతల. సైన్సు వాళ్లకు తెలుగులో నాలుగు మాటలు అవసరమైతే నా దగ్గరికే వస్తారు. "ఓరుగల్లు గుట్ట మీద కొత్త జీవి" అన్న శీర్షిక కూడా నాదే. కాబట్టి ఆ తర్వాత జరిగింది చెప్పే బాధ్యత కూడా నాదే అనిపించింది. వినోదను అడిగితే వద్దనలేదు. "రాయక్కా. కానీ నా తప్పును తక్కువ చేసి రాయకు," అన్నది.

వినోద వరంగల్ పిల్ల. తండ్రి సారంగపాణి ఎనుమాముల మార్కెట్లో మిర్చి దుకాణం నడిపేవాడు. బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకుని, రంగూ ముడతా తొడిమా చూసి ఏ రకమో చెప్పేవాడు. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని వినోద కూడా అది నేర్చుకుంది. ఆ కన్నే జువాలజీలో పనికొచ్చిందని తనే చెప్పేది. హన్మకొండలో స్టీలు సామాన్ల దుకాణం ఉన్న రాంప్రసాద్‌తో పెళ్లయింది. ఇద్దరు పిల్లలు పుట్టాక, అత్తగారి మందులూ పిల్లల పరీక్షలూ చూసుకుంటూ పీహెచ్‌డీ మొదలుపెట్టి నలభై ఒకటో ఏట పూర్తి చేసింది. చాలా ఏళ్లు కాంట్రాక్టు లెక్చరర్‌గానే ఉంది. తన తర్వాత వచ్చినవాళ్లు ముందుకు పోతుంటే చూస్తూ ఉండిపోయింది. ఈ సంగతి ఆమెను సమర్థించడానికి చెప్పడం లేదు. అప్పటికి ఆమె ఎంత ఆకలి మీద ఉందో తెలియాలని చెబుతున్నాను.

ఆమె పని టార్డిగ్రేడ్‌ల మీద. పేపర్లవాళ్లు నీటి ఎలుగుబంట్లు అంటారు. ఉప్పు రవ్వ కన్నా చిన్నవి. గోడల మీదా రాళ్ల మీదా పట్టే నాచులో ఉంటాయి. ఎనిమిది కాళ్లు, ప్రతి కాలి కొసనా గోళ్లు. నాచు ఎండితే ముడుచుకుని పడుంటాయి, వాన పడితే లేచి నడుస్తాయి. ఒకసారి నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించింది. అద్దం కింద ఒకటి అడ్డదిడ్డంగా కాళ్లాడిస్తూ పోతోంది. చూస్తే ముద్దొచ్చింది.

ఒక రకాన్ని ఇంకో రకం నుంచి విడదీయడమే అసలు కష్టం. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. గోళ్ల ఆకారం చూడాలి. గొంతులో వరుసగా ఉండే గట్టి గింజల్లాంటి వాటిని లెక్కపెట్టాలి. గుడ్డు పెంకు మీది బొడిపెలు ఎలా ఉన్నాయో చూడాలి. కొన్ని రకాల్లో తల్లులను చూసి తేడా చెప్పలేం, గుడ్డును చూసి మాత్రమే చెప్పగలం. అయితే ఆ గుడ్డు ఆ తల్లిదేనని ముందు రుజువు కావాలి. ఒకే గుప్పెడు నాచులో రెండు మూడు రకాలు కలిసి బతుకుతాయి.

ఒక ఆగస్టులో మడికొండ దగ్గరి గుట్ట రాళ్ల మీంచి తెచ్చిన నాచులో వినోదకు కొన్ని జీవులు, కొన్ని గుడ్లు దొరికాయి. జీవుల గొంతులో మూడు గింజలు, వాటి వెనక చుక్కంత నాలుగోది. అది మామూలే, అలాంటివి ఇంతకుముందే తెలుసు. గుడ్లు మాత్రం వేరుగా ఉన్నాయి. పెంకు మీది బొడిపెల కొసలు రెండుగా చీలి ఉన్నాయి. ఆ గొంతూ ఈ గుడ్డూ కలిసి ఉన్న రకం ప్రపంచంలో ఎవరూ రాయలేదు. వారం రోజులు పుస్తకాలన్నీ తిరగేసి, నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "అక్కా, కొత్తదేమో అనిపిస్తాంది. జర ఎవ్వరికీ చెప్పకు."

బొమ్మలు గీసింది, కొలతలు తీసింది. వ్యాసం దాదాపు పూర్తయిన రోజుల్లోనే అలా బొడిపెలు చీలిన గుడ్డు ఇంకోటి దొరికింది. దాని లోపల పిల్ల పూర్తిగా ఎదిగి, పెంకు పగలడానికి సిద్ధంగా ఉంది. ఏ గుడ్డు ఎవరిదో తేల్చడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. పిల్ల గొంతు పెంకులోంచి కనిపిస్తుంది. వినోద దాన్ని స్లైడు చేసి చూసింది. మూడు గింజలు ఉన్నాయి. చుక్క లేదు.

ఇంకోవైపు తిప్పి చూసింది. వెలుతురు మార్చి చూసింది. చుక్క లేదు.

ఆ పూట తనకు తాను ఏం చెప్పుకుందో వినోద నాకు దాచకుండా చెప్పింది. "పిల్ల ఇంకా ఎదగలేదు, అందుకే కనిపిస్తలేదు అనుకున్న. కానీ కదిలే దశకొచ్చిన పిల్లకు ఆ చుక్క ఉండాల్నని నాకు తెలుసక్కా. లేదంటే ఆ గుడ్డు ఆ జీవిది కాదన్నట్టే. క్లాసులో నేనే చెప్త." స్లైడు మీద నలభై ఏడు అని నంబరు రాసి, పెట్టెలో అన్నిటికన్నా అడుగు వరుసలో పెట్టింది. నోట్‌బుక్కులో ఆ నంబరు ఎదురుగా ఏమీ రాయలేదు.

వ్యాసం అచ్చయింది. ఈ రోజుల్లో ఆకారం ఒక్కటే చాలదు, జన్యువుల లెక్క కూడా కావాలని ఆ సైన్సు పత్రికవాళ్లు ముందే అన్నారు. తర్వాత చేసి పంపుతామని వినోద రాసిచ్చింది. కొత్త జీవికి ఓరుగల్లు పేరు కలిసేటట్టు లాటిన్ పేరు పెట్టింది. కాలేజీ హాల్లో సన్మానం చేశారు. ప్రిన్సిపాల్ రాజేశ్వర్ రావు సారు శాలువా కప్పి, మన ఊరి పేరు సైన్సు ఉన్నన్నాళ్లూ ఉంటుందన్నారు. రాంప్రసాద్ పేపర్ కటింగుకు ఫ్రేము కట్టించి దుకాణంలో గల్లా వెనక తగిలించాడు. గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్లకు, "మా మేడమే," అని చూపించేవాడు.

జన్యువుల పని చేసింది కావ్య. మరిపెడ దగ్గరి ఊరి పిల్ల. మా దగ్గరే ఎమ్మెస్సీ చదివి, వినోద ప్రాజెక్టులో సహాయకురాలిగా చేరింది. తల్లి బక్కమ్మ పత్తి ఏరే కూలికి పోయేది. కావ్య ఎక్కువ మాట్లాడదు. నోట్‌బుక్కు మాత్రం ఎవరు చూసినా అర్థమయ్యేలా రాస్తుంది. హైదరాబాదులో ఒక ల్యాబులో ఆరు వారాలుండి పని నేర్చుకుంది. ఒక్కో జీవికి ముందు ఫోటో తీసి, ఒక్కో ట్యూబులో వేసి, లోపలి జన్యు పదార్థం తీసుకుంటారు. పై తోలు ఖాళీ సంచిలా మిగులుతుంది. దాన్ని పారేయకుండా స్లైడు చేస్తారు. అప్పుడు ఒకే జీవికి గొంతూ గోళ్లూ ఒక పక్క, జన్యువులు ఇంకో పక్క చూసుకోవచ్చు. గుడ్లకూ అంతే. కావ్య ఎనిమిది జీవులకూ మూడు గుడ్లకూ అలా చేసింది.

ఫలితం తీసుకుని వచ్చిన రోజు డిపార్ట్‌మెంటులో నలుగురైదుగురు ఉన్నారు. నేనూ ఏదో పని మీద అక్కడే ఉన్నాను. కావ్య కాగితాలు బల్ల మీద పెట్టి మెల్లగా చెప్పింది.

"మేడం, ఎనిమిదీ ఒక్క తీరుగనే ఉన్నయి. మూడు గుడ్లు ఒక్క తీరుగ ఉన్నయి. కానీ వాటికీ వీటికీ కలుస్తలేదు. జన్యువుల వంద అక్షరాలకు ఇరవై దాకా తేడా వస్తాంది, అంటే రెండూ వేరే వేరే రకాలే."

వినోద కాగితం చేతిలోకి తీసుకుంది. చదవలేదని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు చదువుతోందనే అనుకున్నాను.

"ట్యూబులు కలిసినయి," అన్నది.

"లేదు మేడం, నంబర్లన్నీ రాసుకున్న. ఇదిగో..."

"రాసుకుంటే సరిపోతదా? చేతులు సరిగ కడుక్కోవాలె, గ్లాసువేర్ సరిగ కడగాలె. నీ మీద భరోసా పెట్టి పంపితే గిట్లనా చేసేది?"

కావ్య నోట్‌బుక్కు తెరిచి పట్టుకునే ఉంది. వినోద దానివైపు చూడలేదు. మిగతావాళ్లు ఎవరి పనిలోకి వాళ్లు తలలు వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను.

కావ్య మళ్లీ మడికొండ పోయి నాచు తెచ్చింది. మళ్లీ మొదటి నుంచి చేసింది. రెండు నెలలు పట్టింది. రెండోసారీ అదే జవాబు వచ్చింది. వినోద ఈసారి హైదరాబాదు ల్యాబులోనే ఏదో కలిసిందన్నది. ఈలోగా ప్రాజెక్టు పొడిగింపు కాగితం ప్రిన్సిపాల్ దగ్గరికి వచ్చింది. సహాయకురాలి పని ఎలా ఉందన్న గడిలో వినోద, "జాగ్రత్త తక్కువ," అని రాసి సంతకం పెట్టింది. మూడు రోజుల్లో కావ్యను ఆ నెలాఖరు వరకే అన్నారు.

నెలాఖరుకు మిగిలిన ఆ పన్నెండు రోజులూ కావ్య రోజూ వచ్చింది. మా సోమక్క ల్యాబులు ఊడ్చి, గాజు సామాను కడుగుతుంది. ఒక మధ్యాహ్నం ఆమె వినోద గదిలోకి వచ్చి చీపురు పక్కన పెట్టి నిలబడింది.

"మేడం, నేను చెప్పొచ్చో చెప్పద్దో."

"చెప్పు సోమక్కా."

"ఆ పిల్ల పొద్దట్నుంచి సింకుకాన్నే ఉంటాంది. కడిగినయే కడుగుతాంది. నేను కడిగి ఆరబెట్టినయి గుడ మల్ల తీసి కడుగుతాంది. ఎందుకు బిడ్డా అంటే, నా చేతులే మంచిగ లెవ్వేమో అక్కా అంటాంది. చేతులన్నీ నాని తెల్లగైనయి."

సోమక్క కాసేపు చూసి వెళ్లిపోయింది. వినోద లేచి సింకు గది దాకా పోయింది. తలుపు సగం తెరిచి ఉంది. కావ్య వీపు ఇటు పెట్టి ఒక గాజు పళ్లేన్ని కడుగుతోంది, వెలుతురుకు ఎత్తి చూస్తోంది, మళ్లీ కడుగుతోంది. వినోద అక్కడ నిలబడలేకపోయింది. "సిగ్గంటే మొఖం కాలడం అనుకున్న ఇన్ని రోజులు. అది కాదక్కా. కాళ్లు చల్లబడ్డయి నాకు," అని చెప్పింది నాతో.

గదికి వచ్చి పెట్టె అడుగు నుంచి నలభై ఏడో నంబరు స్లైడు తీసింది. మైక్రోస్కోపు కింద పెట్టి, సరిచేసి, కావ్యను పిలిచింది.

"చూడు," అన్నది.

కావ్య చాలాసేపు చూసింది. గింజలు లెక్కపెడుతోందని వేలి కదలికను బట్టి తెలుస్తోంది.

"చుక్క లేదు మేడం."

"లేదు."

"గుడ్డు మీద బొడిపెలు చీలినయే." కావ్య తలెత్తింది. "ఇది ఎప్పటి స్లైడు?"

"నిరుటిది."

"అంటే పేపర్ పంపకముందుదేనా?"

"అవ్."

"మీరు చూసిన్రా అప్పుడు?"

"చూసిన."

కావ్య స్లైడును కింద నుంచి తీసి, అంచులు పట్టుకుని, బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. అంత కోపంలోనూ స్లైడును అంత నెమ్మదిగా పెట్టడం వినోద మరిచిపోలేకపోయింది.

"మరి నన్నెందుకన్నరు మేడం?"

వినోద స్లైడు పెట్టె మూత మూసి, మళ్లీ తెరిచింది. కావ్య సింకు గదికి పోయి, బ్యాగు తీసుకుని, బస్టాండుకు వెళ్లిపోయింది. ఆ రోజు ఇంకా మూడు కూడా కాలేదు.

వినోద అక్కడి నుంచి నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి పోయింది. రాజేశ్వర్ రావు సారు అంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఎవలన్న అడిగిన్రా నిన్ను?"

"లేదు సార్."

"మరెందుకు ఫికర్ పడుతున్నవ్? ఎవలో వస్తరు, తర్వాత సరిచేస్తరు. సైన్సంటే అట్లనే కదా. పిల్లకు కావాలంటే ఇంకో ప్రాజెక్టుల చూద్దాం. నువ్వు శాలువా కప్పుకున్న హాల్లనే నిలబడి ఇది చెప్తనంటే కాలేజీ మొఖం ఏం కావాలె?"

"కాలేజీ ఏం చెయ్యలే సార్, నేను చేసిన," అన్నది వినోద. కావ్య గురించి రాసిన కాగితాన్ని వెనక్కి అడిగింది. అది అప్పటికే పై ఆఫీసుకు పోయింది. దాని మీద తాను అబద్ధం రాశానని ఇంకో కాగితం రాసి ఇచ్చింది. సారు దాన్ని తీసుకుని బల్ల మీది పేపర్‌వెయిట్ కింద పెట్టారు. దాన్ని పైకి పంపడానికి మూడు వారాలు తీసుకున్నారు. అప్పటికి ఆ ఉద్యోగం పోనే పోయింది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. వార్త రాసినట్టే దీన్నీ తెలుగులో రాయాలన్నది. నేను రాసి చూపించాను. "పరిశోధనలో జరిగిన ఒక పొరపాటు వల్ల" అని మొదలుపెట్టాను.

"పొరపాటు తీసెయ్యక్కా."

"మరేం రాయను?"

"కనబడ్డదాన్ని పక్కకు పెట్టిన అని రాయి. తర్వాత ఒక పిల్ల నిజం తెస్తే ఆమెనే తప్పుబట్టిన అని రాయి."

"అంత అవసరమా వినోదా? ఇంట్లో పిల్లలు చదువుతారు."

"వాళ్లకు రాత్రే చెప్పిన," అన్నది. "ఆయన ఫ్రేము తీసేసిండు. గోడ మీద ఫ్రేమంత తెల్లటి మరక పడ్డది, దాని మీద క్యాలెండర్ పెట్టిండు."

నేను ఆమె చెప్పినట్టే రాశాను. రాస్తున్నంతసేపూ ఆ రోజు డిపార్ట్‌మెంటులో నేను తల వంచుకున్న సంగతే గుర్తొచ్చింది. పేపర్‌వాళ్లు మాత్రం దాన్ని వేయలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే, చోటు లేదు మేడం అన్నారు. సోమవారం సెమినార్‌లో వినోద దాన్ని స్వయంగా చదివింది. ఇరవై మంది ఉన్నాం. చదవడం అయ్యాక ఎవరూ ఏమీ అడగలేదు. ఒకరిద్దరు బయటికి పోతూ ఆమె భుజం తట్టారు. అది ఆమెకు ఇంకా కష్టంగా అనిపించిందట.

కావ్య ఫోన్ ఎత్తడం లేదు. ఒక ఆదివారం వినోద బస్సెక్కి మరిపెడ పోయి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరు చేరింది. కావ్య ఇంట్లో లేదు. ఖమ్మంలో ఏదో పరీక్ష రాయడానికి పోయిందట. తల్లి బక్కమ్మ వాకిట్లో పత్తి మూటలు కడుతోంది. ఎవరో తెలిశాక నులక మంచం వాల్చి కూర్చోమన్నది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"పిల్ల పనిల తప్పు చేసిందట గదా మేడం. తీసేసిన్రని ఏడ్చుకుంట వచ్చింది. మేమే తిట్టినం. వాళ్ల నాయినైతే నెల రోజులు మాట్లాడలే. గంత మంచి కొలువు చేజార్చుకుంటివని."

వినోద చెంబు కింద పెట్టింది.

"తప్పు ఆమెది కాదు బక్కమ్మా. నాది. నేను చేసి ఆమె మీద వేసిన."

బక్కమ్మకు వెంటనే అర్థం కాలేదు. వినోద మళ్లీ చెప్పింది. పురుగులనీ, గుడ్లనీ, చుక్కనీ ఏదో చెప్పబోయి, అవన్నీ ఆపేసి, "మీ బిడ్డ సరిగ చూసింది. నేను అబద్ధం రాసిన," అన్నది.

మూటకు కడుతున్న తాడు కొస బక్కమ్మ చేతిలోనే ఉండిపోయింది.

"మరి మాకెందుకు చెప్పలే అది?" అన్నది, తనలో తనే. "మేం గన్ని మాటలన్నం. అన్నీ పడ్డది."

తర్వాత అడిగింది. "దానికి చెప్పిన్రా ఈ సంగతి?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"ఎందుకన్నరు అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయిన."

"కోపమొస్తే మాట్లాడది అది. చిన్నప్పట్నుంచి గంతే." బక్కమ్మ లేచి తాడు బిగించింది. "వాళ్ల నాయిన పొలం కాడున్నడు. గాయినకు గుడ మీరే చెప్పుండ్రి. నేను చెప్తే బిడ్డను ఎనకేసుకొస్తాన్న అంటడు."

వినోద చెప్పులు చేత్తో పట్టుకుని, బురద గట్ల మీద నడుచుకుంటూ పోయి ఆయనకూ చెప్పింది. ఆయన విని, తల ఒకసారి ఊపి, మళ్లీ మందు కొట్టే డబ్బా భుజానికెత్తుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని బస్సులో తిరిగి వస్తూ అనుకుందట.

సవరణ వ్యాసం మరుసటి సంవత్సరం అచ్చయింది. అందులో కావ్య పేరు ముందు, వినోద పేరు తర్వాత. రాతకోతలన్నీ ఈమెయిల్‌లోనే జరిగాయి. మడికొండ జీవులు ఎప్పుడో పేరు పెట్టిన పాత రకమేనని తేలింది. చీలిన బొడిపెల గుడ్లు ఇంకెవరివో. వినోద పెట్టిన పేరు జాబితాల్లోంచి పోదు. ఒకసారి అచ్చయిన పేరు పూర్తిగా పోదట. పాత పేరు పక్కన, చెల్లని మారుపేరుగా అలాగే ఉండిపోతుంది. ఊరి పేరు సైన్సు ఉన్నన్నాళ్లూ ఉంటుందని ప్రిన్సిపాల్ సారు అన్నది ఆ రకంగా నిజమైంది. నేను ఆ మాట ఎత్తినప్పుడు వినోద ముఖం పక్కకు తిప్పుకుంది.

వినోద కాలేజీలోనే ఉంది. పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోవడం మానేసింది. కొత్త బ్యాచీకి మొదటి క్లాసులోనే ఈ సంగతంతా చెబుతుంది. పిల్లల్లో కొందరి ముఖాలు చిన్నబోతాయి, కొందరు ఫోన్లు చూసుకుంటారు. సోమక్కతో కలిసి గాజు సామాను తానే కడుగుతుంది. వద్దన్నా వినదు.

కావ్యకు హైదరాబాదులో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఆ చీలిన గుడ్లు పెట్టే తల్లులెవరో వెతకడమే ఇప్పుడు ఆమె పని. మొన్న జూలైలో వాటిలో ఒక గుడ్డు ఆమె మైక్రోస్కోపు కింద పగిలి పిల్ల బయటికి వచ్చింది. ఆ వీడియోను వినోదకు పంపింది, కింద ఒక్క మాట కూడా రాయకుండా. వినోద స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని దాన్ని ఏడెనిమిది సార్లు చూసింది. మూడు గింజలు, చుక్క లేదు. ఎంతోసేపు ఆలోచించి, ఏదేదో రాసి కొట్టేసి, చివరికి, "నువ్వు చూసింది సరైందే కావ్యా, మొదటిసారి గుడ," అని పంపింది.

మెసేజ్ కింది రెండు టిక్కులు నీలంగా మారాయి. కావ్య చదివింది. గంట కొట్టేదాకా వినోద ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంది. జవాబు రాలేదు. రిజిస్టరు తీసుకుని క్లాసుకు వెళ్లింది.